తెల్లపొడి వేషాలు: పీవీసీ రకాలు, వాడకాలు

కొండగట్టు ఆంజనేయస్వామి గుట్టకు అటూ ఇటూ ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఏ హార్డ్‌వేర్ దుకాణం ముందు ఆగినా గోడకు నిలబెట్టిన గొట్టాల వరస కనిపిస్తుంది. నీలివి బోరు కేసింగుకు, బూడిద రంగువి పొలం పైపులైనుకు. తెల్లవి ఇంటి నల్లాలకు, మీగడ రంగువి గీజరు వేడినీళ్లకు. లోపలికి పోతే కరెంటు తీగల కాయిళ్లు, మెత్తటి గార్డెన్ పైపు చుట్టలు, బాత్రూం తలుపులు, గల్లాపెట్టె పక్కన నల్ల టేపు. కొనేవారికి ఇవి వేరువేరు సరుకులు. తయారుచేసేవారికి మాత్రం అన్నిటి మూలం ఒకే తెల్లపొడి: పాలీవినైల్ క్లోరైడ్, వాడుకలో పీవీసీ.

ఆ పొడి ఉన్నదున్నట్టుగా దేనికీ పనికిరాదు. వేడిచేస్తే సరిగ్గా కరగకముందే రంగు మారి మాడిపోతుంది. అందులో ఏం కలిపారన్నదే దాని జాతకం. గట్టిగా నిలబడాలన్నా, మెత్తగా వంగాలన్నా, అద్దంలా కనబడాలన్నా, నురగ కట్టి తేలికవ్వాలన్నా కలిపే సరుకును బట్టే. కాబట్టి పీవీసీ మంచిదా చెడ్డదా అంటే ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఏ పీవీసీ, ఏ చోట అని అడిగితే చెప్పొచ్చు. ఆ ప్రశ్న వేయకుండా రంగు చూసి కొనడంతోనే చాలా తిప్పలు మొదలవుతాయి.

పీవీసీ బరువులో సుమారు 57 శాతం క్లోరిన్. ఉప్పునీటిలోకి కరెంటు పంపి దాన్ని విడదీస్తారు. మిగతా భాగం చమురు నుంచో సహజవాయువు నుంచో తీసిన ఇథిలీన్. చైనాలో బొగ్గు, సున్నపురాయి నుంచి కార్బైడ్ మార్గంలో చేసే కర్మాగారాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. పాలిథిన్ దాదాపు పూర్తిగా చమురు బిడ్డ అయితే, పీవీసీ సగానికి పైగా ఉప్పు బిడ్డ. అది చవగ్గా దొరకడానికి ఇదొక కారణం. మంట తీసేస్తే తనంతట తాను ఆరిపోయే గుణం క్లోరిన్‌దే. కాలిస్తే గొంతు పట్టేసే ఘాటు పొగ కూడా దానిదే.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త హెన్రీ విక్టర్ రెన్యో 1835లో వినైల్ క్లోరైడ్ వాయువును తయారుచేశాడు. 1872లో జర్మన్ శాస్త్రవేత్త యూజెన్ బౌమన్ ఆ వాయువును గాజుగొట్టంలో బిగించి ఎండలో ఉంచితే అడుగున తెల్లటి ముద్ద చేరింది. పీవీసీ అదే. కానీ దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు. మరో జర్మన్, ఫ్రిట్జ్ క్లాటె, 1913లో పేటెంటు పొందాడు. లాభం కనబడక ఆయన కంపెనీ కొన్నాళ్లకు ఆ హక్కులను వదిలేసుకుంది. కథ మలుపు తిరిగింది 1926లో, అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ టైర్ల కంపెనీలో. రబ్బరును ఇనుముకు అతికించే జిగురు కోసం వెతుకుతున్న వాల్డో సీమన్, ఎక్కువ వేడికి గానీ మరగని ఒక ద్రావకంలో పీవీసీని వేసి కాచాడు. జిగురు రాలేదు. చల్లారాక సాగే, వంగే ముద్ద వచ్చింది. మెత్తటి పీవీసీకి అదే పుట్టుక. గట్టి పీవీసీతో నీటి గొట్టాలు చేయడం 1930ల్లో జర్మనీలో మొదలైంది.

భారతదేశంలో పీవీసీ పొడి తయారీ 1960ల్లో బొంబాయి, కోటా, మెట్టూరు వంటి చోట్ల ఊపందుకుంది. గొట్టాలు పోయడానికి అంత పెట్టుబడి అక్కర్లేదు. పొడి కొనుక్కొచ్చి, యంత్రంలో కరిగించి, సాగదీస్తే చాలు. అందుకే తెలుగు జిల్లాల్లో సొంత బ్రాండ్లు పుట్టాయి. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ చదివి, భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేసిన ఎస్.పి.వై. రెడ్డి 1977లో ప్లాస్టిక్ డబ్బాల తయారీతో మొదలుపెట్టి 1984లో నంద్యాలలో నంది పైపులకు శ్రీకారం చుట్టారు. తర్వాత అదే నంద్యాల నుంచి లోక్‌సభకు కూడా వెళ్లారు. తెలంగాణలో సూర్యాపేట పేరు చెబితే సుధాకర్ పైపులు గుర్తొస్తాయి. పైపుల తయారీదారు రాజకీయాల్లో ఎదగడంలో వింతేమీ లేదు. రైతు ఇంట్లో విత్తనాల సంచి తర్వాత ఎక్కువగా కనిపించే కంపెనీ పేరు పైపు మీదదే.

దేశంలో వాడే పీవీసీలో సగానికి మించి గొట్టాలకే పోతుంది. జగిత్యాల లాంటి జిల్లాలో దానికి లెక్కలు అక్కర్లేదు, పొలాలు చూస్తే తెలుస్తుంది. మోటబావి ఉన్న రోజుల్లో తోలు మోటకు తొండం కూడా తోలుదే. ఆయిలింజన్లు, కరెంటు మోటర్లు వచ్చాక ఇనుప గొట్టం కావలసి వచ్చింది. అది బరువు, తుప్పు, ఖరీదు. ఇరవై అడుగుల పీవీసీ పైపును ఒక్క మనిషి భుజాన వేసుకుని గట్టు వెంట నడిచిపోగలడు. బాయి ఒకచోట, మడి ఇంకోచోట ఉన్న రైతుకు భూమిలోపలి పైపులైను అందుబాటులోకి తెచ్చింది ఈ తేలికదనమే. మట్టికాలువలో ఇంకిపోయే నీళ్లు మిగిలాయి, కాలువ కింద పోయే నేల కూడా మిగిలింది. వరి, పసుపు, మక్క వేసే చోట్ల ఇది చిన్న మార్పు కాదు.

పొలం పైపును కొనేటప్పుడు చాలామంది అడిగేవి రెండే: ఎన్ని ఇంచులు, ఎంత రేటు. అడగాల్సిన మూడోది క్లాసు. నీటి గొట్టాలకు భారత ప్రమాణం ఐఎస్ 4985. దాని ప్రకారం పైపులకు ఆరు క్లాసులు: చదరపు సెంటీమీటరుకు 2.5, 4, 6, 8, 10, 12.5 కిలోల ఒత్తిడిని తట్టుకునేవి. దుకాణాల్లో 'నాలుగు కేజీల పైపు', 'ఆరు కేజీల పైపు' అంటారు. అది బరువు కాదు, ఒత్తిడి. లెక్క సులువు. నీళ్లు పది మీటర్ల ఎత్తుకు ఎక్కాలంటే అడుగున దాదాపు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. చదును నేల మీద పారే నీటికి నాలుగు కేజీల పైపు సరిపోవచ్చు. గుట్ట మీదికి నలభై మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకుకు నీళ్లెక్కించాలంటే ఎత్తుకే నాలుగు కిలోలు ఖర్చయిపోతాయి. మోటరు ఒక్కసారిగా ఆగినప్పుడు వెనక్కి తన్నే నీటి దెబ్బ అదనం. అక్కడ ఆరో, ఎనిమిదో కేజీల పైపు వేయాలి. రెండూ బూడిద రంగే, రెండూ 63 మిల్లీమీటర్లే. గోడ మందంలో మాత్రం తేడా. పైపు వెంట సన్నగా ముద్రించిన వరుసలో కంపెనీ పేరు, బయటి కొలత, క్లాసు, బ్యాచి నంబరు, ఐఎస్ఐ గుర్తు ఉంటాయి. పైపు మీద నిజం చెప్పేది ఆ వరుస ఒక్కటే.

ఆ వరుస చెప్పని సంగతి ఒకటుంది. ఈ ఒత్తిడి లెక్కలన్నీ 27 డిగ్రీల వేడికి కట్టినవి. వేడి పెరిగేకొద్దీ గట్టి పీవీసీ బలం తగ్గుతుంది. 45 డిగ్రీలు దాటిన నీటికి ఈ పైపు వాడకూడదు. ఎండాకాలంలో జగిత్యాల జిల్లాలో గాలి వేడే 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. ఇక ఎండలో పడున్న పైపు ఒంటి వేడి ఇంకా పైమాటే. మధ్యాహ్నం మోటరు వేస్తే మొదట సలసల కాగే నీళ్లు రావడం, అదే సమయంలో జాయింటు దగ్గర పైపు ఊడిపోవడం ఊరికే జరగవు. ఆరు మీటర్ల పైపు ముప్పై డిగ్రీల తేడాకు సెంటీమీటరుకు పైగా సాగుతుంది, రాత్రికి మళ్లీ కుంచించుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైపొర సుద్దలా మారి, కొన్నేళ్లకు పైపు పెళుసవుతుంది. ఈ బాధలన్నిటికీ మందు మట్టే. మూడడుగుల లోతున పూడిస్తే ఎండా తగలదు, ట్రాక్టరు నాగలీ తగలదు. పూడ్చడానికి వీల్లేని చోట లేత రంగు వేస్తే కొంత కాపాడినట్టే.

పైపులను కలిపే 'సొల్యూషన్' జిగురు కాదు. అందులోని ద్రావకాలు రెండు పైపుల పైపొరలను కాస్త కరిగించి ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా చేస్తాయి. ద్రావకం ఆవిరైపోయాక మిగిలేది ఒకే పీవీసీ గోడ. అందుకే తడి మీద, మట్టి మీద, నూనె మరకల మీద అది పట్టదు. అతికించిన వెంటనే మోటరు వేసినా నిలవదు. ఈ పని చేయడం తెలిసినవారికి ఇక్కడ కొదవ లేదు. బతుకుదెరువుకు గల్ఫ్ వెళ్లి ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనుల్లో చేయి తిరిగి వచ్చినవాళ్లు ఈ మూడు పట్టణాల చుట్టూ ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

బోరు కేసింగు గట్టి పీవీసీలోనే మరో శాఖ. దీని ప్రమాణం ఐఎస్ 12818. 80 మీటర్ల లోపు బావులకు ఒక మందం, 250 మీటర్ల దాకా మరింత మందం, కొసలకు మరలు. తెలంగాణలో అడుగున ఎక్కువగా గట్టి రాయే. కాబట్టి కేసింగు పైనున్న వదులు మట్టి కూలిపడకుండా రాయి తగిలే దాకా దింపుతారు, ఆ కింద రంధ్రానికి రాయే గోడ. మోటరును వేలాడదీసే కాలమ్ పైపు వేరే రకం. అది వందల అడుగుల లోతున మోటరు బరువు, తనలోని నీటి బరువు రెండూ మోయాలి. కేసింగు ముక్కను కాలమ్‌కు, పొలం పైపును కేసింగుకు వాడి డబ్బు మిగుల్చుకోవాలని చూస్తే మోటరు బోరులోనే పడిపోయే ప్రమాదం ఉంది.

నీళ్లు పడని బోరు కేసింగును పైకి లాగి ఇంకో బోరుకు వాడుకునే అలవాటు పల్లెల్లో ఉంది. అప్పు చేసి బోరు వేసిన రైతుకు ఆ నీలి పైపు ఒక్కటే చేతికి తిరిగొచ్చే సొమ్ము. కానీ కేసింగు లాగేసిన నోరు తెరిచే ఉంటే అది పసిపిల్లలకు మృత్యుకూపం. 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గర, 2020 మేలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో ఇలాంటి బోరుగుంతల్లో పడి చిన్నారులు చనిపోయారు. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కేసింగు నోటికి బిగించే మూత ధర బోరు ఖర్చులో లెక్కలోకే రాదు.

ఇంట్లోకి వస్తే వేషాలు ఇంకా పెరుగుతాయి. చల్లనీళ్ల తెల్ల పైపులో గీజరు నీళ్లు పంపితే మెత్తబడి వంగిపోతుంది. పీవీసీకి అదనంగా క్లోరిన్ పట్టించి, దాని వాటాను 63 నుంచి 69 శాతం దాకా పెంచితే వచ్చేది సీపీవీసీ. ఇది 90 డిగ్రీలకు కాస్త పైదాకా తట్టుకుంటుంది. మీగడ రంగు పైపు ఇదే, ప్రమాణం ఐఎస్ 15778. దీనికి సొల్యూషన్ కూడా వేరు. మామూలు సొల్యూషన్‌తో అతికించిన సీపీవీసీ గోడలోపల ఏళ్ల తరబడి సన్నగా కారుతూ, పెచ్చులూడే దాకా తెలియకపోవచ్చు. మరుగుదొడ్డి, వాననీటి గొట్టాలు మరో జాతి. వాటికి లోపలి ఒత్తిడి ఉండదు కాబట్టి గోడ పలుచన. అందులోనూ గాలిగొట్టాలకు, వాననీటికి ఎ రకం, మురుగుకు మందమైన బి రకం ఉంటాయి. 110 మిల్లీమీటర్ల పైపులో ఎ రకం గోడ 2.2 మిల్లీమీటర్లు, బి రకం 3.2. కాంట్రాక్టరు ఎక్కడ మిగుల్చుకుంటాడో ఈ ఒక్క మిల్లీమీటరు చెబుతుంది.

స్లాబులో వేసే కరెంటు పైపులు కూడా గట్టి పీవీసీయే. లైట్, మీడియం, హెవీ అని మూడు మందాలు. కాంక్రీటు పోసేటప్పుడు మనుషులు తొక్కుతారు, వైబ్రేటరు తగులుతుంది, కాబట్టి స్లాబుకు మీడియమో హెవీయో కావాలి. కిటికీల పీవీసీ ఎండను తట్టుకోవాలి. దానికి టైటానియం డయాక్సైడ్ దండిగా కలుపుతారు, చట్రం లోపల ఇనుప పట్టీ బిగిస్తారు. బాత్రూం తలుపులు, పైకప్పు ప్యానెళ్లు బోలు పలకలు. వంటింటి అల్మరాలకు వాడే ఫోమ్ షీటు నురగ కట్టించిన పీవీసీ. రంపంతో కోయవచ్చు, మేకు కొట్టవచ్చు, చెద పట్టదు. పొయ్యికి ఆనుకుని మాత్రం పెట్టకూడదు, 80 డిగ్రీల దగ్గర గట్టి పీవీసీ బిగువు సడలిపోతుంది.

మందుల దుకాణంలో ఇచ్చే మాత్రల పట్టీలో పారదర్శకమైన బుడగల భాగం ఎక్కువగా పీవీసీ ఫిల్మే. మందం పావు మిల్లీమీటరు. వెనక అల్యూమినియం రేకు. బ్యాంకు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు కూడా గట్టి పీవీసీ పొరలను వేడితో అదిమి చేసినవే. ఆధార్‌ను పీవీసీ కార్డుగా తెప్పించుకునే సదుపాయం 2020లో వచ్చింది. కొలత ప్రపంచమంతా ఒక్కటే: 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 వెడల్పు, 0.76 మందం.

ఇక మెత్తటి పీవీసీ. గట్టిపడే స్వభావమున్న పొడికి నూనెలాంటి ద్రవాలను పట్టిస్తే పొడవాటి అణువుల మధ్య అవి చేరి, ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తాయి. మృదువుగా వంగే సరుకుల్లో ఈ ద్రవం బరువులో మూడో వంతు దాకా ఉండొచ్చు. ఎక్కువ ఏళ్లు వాడిన గార్డెన్ పైపు గట్టిపడి చిట్లడం, రెక్సిన్ సీటు పగుళ్లివ్వడం ఆ నూనె నెమ్మదిగా బయటికి పోయినందువల్లే.

మెత్తటి పీవీసీ అసలు రాజ్యం కరెంటు తీగ. ఇళ్లలో 90 మీటర్ల కాయిళ్లుగా కొనే ఎరుపు, పసుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ వైర్ల పైతొడుగు ఇదే. సాధారణ రకం రాగి 70 డిగ్రీల దాకా వేడెక్కినా తట్టుకుంటుంది. బోరులో దించే మూడు తీగల చదునైన కేబుల్ కూడా పీవీసీ తొడుగుదే. 'ఎఫ్.ఆర్.' అని ముద్ర ఉంటే మంట పాకడాన్ని అడ్డుకునే రకం. పొగ, ఆమ్లవాయువు తక్కువగా వచ్చే రకాలు వేరుగా ఉన్నాయి. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలాంటి చోట ఈ తేడా పుస్తకాల మాట కాదు. పగలూ రాత్రీ తిరిగే మోటర్లు, గాలిలో తేలే నూలు దూది, మూసిన గదులు. పీవీసీ తనంతట తాను మంటను మోసుకుపోదు. కానీ పక్కన దూది కాలుతుంటే తానూ కాలి హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతుంది, ఊపిరి తీసుకోనివ్వదు. తీగ మందం తక్కువై లోడు ఎక్కువైతే తొడుగు లోపలే మాడి, కట్టె కాలిన రంగుకు వస్తుంది. అది మొదటి హెచ్చరిక.

తాపీమేస్త్రి చేతిలోని లెవెల్ పైపు ఈ పదార్థానికి అతి చవకైన, అతి తెలివైన వాడకం. పారదర్శకమైన మెత్తటి గొట్టంలో నీళ్లు నింపి రెండు కొసలు పట్టుకుంటే ఇంటి ఈ మూలా ఆ మూలా ఒకే మట్టం తేలిపోతుంది. లేజరు పరికరాలు వచ్చినా పల్లె ఇళ్ల పునాదులు ఇప్పటికీ దీనితోనే లేస్తున్నాయి. ఆయిలింజను సక్షన్ పైపు ఇంకో ముచ్చటైన కూర్పు. మెత్తటి గోడలో గట్టి పీవీసీ చుట్ట మరలా తిరిగి ఉంటుంది. లోపల గాలి పీల్చినప్పుడు పైపు అణగకుండా ఆపేది ఆ చుట్టే. జగిత్యాల మామిడితోటల్లో మందు కొట్టే పైపు మరీ కష్టజీవి. లోపల నూలు అల్లిక, పైనా కిందా పొరలు, పంపు ఒత్తిడి, మీదుగా తొక్కే కాళ్లు.

ఆసుపత్రిలో సెలైను గొట్టం, మూత్రపు సంచి, రక్తం సంచి చాలావరకు మెత్తటి పీవీసీవే. గాజు సీసాల్లో రక్తం నిలవచేసే కాలంలో, 1950లో బోస్టన్‌లో కార్ల్ వాల్టర్, విలియం మర్ఫీ జూనియర్ ప్లాస్టిక్ రక్తం సంచిని రూపొందించారు. పగలదు, ఒకే సంచికి చిన్న సంచులు జోడించి ప్లాస్మాను వేరుచేయవచ్చు. మనదేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1980ల్లో ఈ సాంకేతికతను అభివృద్ధి చేసింది. మెత్తదనం కోసం కలిపే డి.ఇ.హెచ్.పి. అనే థాలేట్ సంచిలోంచి రక్తంలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. విచిత్రమేమంటే అదే ఎర్ర రక్తకణాలు చితికిపోకుండా కాపాడుతుంది కూడా. అందుకే పిల్లల బొమ్మల్లో వద్దనుకున్న రసాయనాన్ని రక్తం సంచిలోంచి తీసేయడానికి వైద్యులు ఇన్నాళ్లు తటపటాయించారు. బొమ్మల సంగతికొస్తే యూరప్ 1999 నుంచి ఆంక్షలు పెట్టింది. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. జాతరల్లో గాలి నింపి అమ్మే బొమ్మల మీద ఆ గుర్తు వెతికేవారు మాత్రం అరుదు.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది, కరీంనగర్‌లో ఆబోతుల ఘనీకృత వీర్య కేంద్రం ఉంది. ఆవులకు, గేదెలకు కృత్రిమ గర్భధారణ చేసేటప్పుడు వాడే సన్నటి రంగురంగుల 'స్ట్రా'లు చాలాకాలంగా పీవీసీతో చేసినవే. ఒక్కోదానిలో పట్టేది పావు మిల్లీలీటరు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్లు గడిపి, వాడే ముందు గోరువెచ్చటి నీటిలో అరనిమిషం ఉంచగానే పనికి సిద్ధమవుతాయి. పాడి పెంచుకునే ఇంటికి పీవీసీ ఈ దారిన కూడా వచ్చింది.

పొడిని చాలా మెత్తగా చేసి ద్రవాల్లో కలిపితే వెన్నలాంటి ముద్ద వస్తుంది. దీన్ని పేస్టు రకం అంటారు. గుడ్డ మీద పూసి వేడిచేస్తే రెక్సిన్: ఆటో సీట్లు, బండి కవర్లు, స్కూలు సంచులు, పెళ్లిమండపాల కుర్చీల మెత్తలు. పాలియెస్టర్ గుడ్డకు ఇరుపక్కలా పీవీసీ పట్టిస్తే ఫ్లెక్సీ. పుట్టినరోజుకూ పెద్దకర్మకూ, నాయకుడి రాకకూ హనుమాన్ జయంతికీ ఒకే గుడ్డ, ఫొటోలే వేరు. కేంద్రం 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించినప్పుడు 100 మైక్రాన్ల కంటే పలుచనైన పీవీసీ బ్యానర్లను జాబితాలో చేర్చింది. కూడళ్లలో కట్టే ఫ్లెక్సీలు ఎక్కువగా అంతకంటే మందమైనవి కావడంతో చట్టం వాటి పక్కనుంచి పోయింది. అదే ఏడాది ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్లెక్సీలను నిషేధిస్తున్నట్టు ప్రకటించి, తర్వాత అమలును వాయిదా వేసింది. ఎన్నికలొస్తే పార్టీ జెండాల గుడ్డ నేసే మగ్గాలు సిరిసిల్లలోనే ఉన్నాయి. గుడ్డ బ్యానర్ల మాట వచ్చినప్పుడల్లా అక్కడ ఆశ పుడుతుంది, ఫ్లెక్సీ ధర చూసి అణగిపోతుంది. వాడేసిన ఫ్లెక్సీలు పశువుల కొట్టానికి తడకలుగా, గడ్డివాముకు కప్పుగా ఇంకొన్నాళ్లు బతుకుతాయి. ఈ రెండో బతుకు గురించి ఏ చట్టమూ రాయలేదు.

పాటల రికార్డులూ పీవీసీయే. పాత 78 వేగం రికార్డులు లక్కతో చేసినవి, కిందపడితే ముక్కలు. 1948లో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్పీ రికార్డు వినైల్‌ది. సన్నటి గాడులు పట్టాయి, పక్కకు ఇరవై నిమిషాలకు పైగా పాట పట్టింది.

అన్ని ప్లాస్టిక్కులనూ పీవీసీ అనుకోవడం కూడా పొరపాటే. మిద్దె మీది నల్ల నీళ్ల ట్యాంకు పాలిథిన్. వడ్ల కుప్ప మీద కప్పే బరకం, డ్రిప్పు సన్నపైపు, చుట్టలుగా వచ్చే నల్లటి హెచ్‌డీపీఈ పైపు కూడా ఆ కుటుంబమే. డ్రిప్పులో పెద్దపైపు వరకే పీవీసీ. కుర్చీలు పాలీప్రొపిలీన్, నీళ్ల సీసా పెట్. తేడా తెలుసుకోవడానికి చిన్న ముక్కను నీళ్లలో వేస్తే చాలు. పాలిథిన్ తేలుతుంది, పీవీసీ మునుగుతుంది. పెట్ కూడా మునుగుతుంది కాబట్టి ప్రయోగశాలల్లో ఇంకో పరీక్ష చేస్తారు. ఎర్రగా కాల్చిన రాగి తీగను ముక్కకు తాకించి మళ్లీ మంటలో పెడితే, క్లోరిన్ ఉంటే మంట ఆకుపచ్చగా మారుతుంది.

ప్రమాదాల లెక్కలో మూడు దశలను వేరుచేసి చూడాలి. మొదటిది తయారీ. పీవీసీగా మారకముందున్న వినైల్ క్లోరైడ్ వాయువు క్యాన్సర్ కారకం. 1974 జనవరిలో అమెరికాలోని లూయీవిల్ గుడ్‌రిచ్ కర్మాగారం కార్మికుల్లో కాలేయపు రక్తనాళాలకు వచ్చే అరుదైన క్యాన్సర్ బయటపడ్డాక నియమాలు బిగుసుకున్నాయి. 2023 ఫిబ్రవరి 3న ఒహాయో రాష్ట్రం ఈస్ట్ పాలస్టీన్‌లో పట్టాలు తప్పిన రైలులో ఐదు ట్యాంకర్ల నిండా ఉన్నది ఈ వాయువే. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైంది మాత్రం స్టైరీన్, పీవీసీతో సంబంధం లేనిది.

రెండోది వాడకం. పీవీసీ యంత్రంలో మాడకుండా ఉండేందుకు చాలాకాలం సీసపు లవణాలు కలిపేవారు. చవక, పనితనం ఎక్కువ. కొత్త పైపులో మొదట పారే నీళ్లలోకి ఆ సీసం కొంత దిగుతుంది. పిల్లల మెదడుకు అది విషం. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదని మన ప్రమాణం. జాతీయ హరిత ట్రిబ్యునల్ జోక్యం తర్వాత, పైపుల్లో సీసపు స్థిరీకారకాలను నియంత్రించే నిబంధనలను కేంద్ర పర్యావరణ శాఖ 2021లో తెచ్చింది. ఇప్పుడు కాల్షియం, జింకు లవణాలు వాటి చోటు తీసుకున్నాయి. పైపు మీద 'సీసం లేనిది' అనే ముద్ర తాగునీటి లైనుకైనా చూసుకోవాలి. కల్తీ ఇంకోటి: సుద్దపొడి. కొంత కలపడం మామూలే, బలానికీ మంచిదే. హద్దు మీరితే పైపు బరువెక్కి, పెళుసై, కోసినచోట పొడి రాలుతుంది. ఐఎస్ 4985 పైపు సాపేక్ష సాంద్రత 1.40 నుంచి 1.46 మధ్య ఉండాలనడం వెనక కారణం ఇదే. బరువుగా ఉంది కాబట్టి గట్టి పైపు అన్న నమ్మకం ఇక్కడ తిరగబడుతుంది.

మూడోది చివరి దశ. రాగి కోసం పాత తీగలను కుప్ప పోసి కాల్చడం అన్నిటికంటే చెడ్డది. ఆమ్లపు పొగతోపాటు డయాక్సిన్లు పుట్టేది అక్కడే. తొడుగును కత్తితో చీల్చి తీసే చిన్న యంత్రాలు ఉన్నాయి. వాటితో తీసిన రాగి మాడదు కాబట్టి తుక్కు దుకాణంలో ఎక్కువ ధర పలుకుతుంది. పీవీసీ రీసైక్లింగ్ గుర్తు త్రికోణంలో 3. పాత పైపులను దంచి పొడిచేసి తక్కువరకం కరెంటు పైపులకు, మురుగు గొట్టాలకు మళ్లీ వాడతారు. పెట్ సీసాల లాట్‌లో కొద్దిపాటి పీవీసీ పడినా మొత్తం రంగు చెడిపోతుంది. అందుకే తుక్కువాళ్లు పైపు ముక్కలను మొదటే వేరు చేసి పెడతారు. 1980ల్లో పొలాల్లో పూడ్చిన మొదటి తరం పైపులు, సీసం కలిపినవి, ఇప్పుడిప్పుడే బయటికి వస్తున్నాయి. వాటిని దంచిన పొడి తాగునీటి పైపుల్లో కలవకూడదు. ప్రస్తుతానికి వాటి దారి జగిత్యాల తుక్కు దుకాణం నుంచి నిజామాబాద్, హైదరాబాద్ వైపు పోయే లారీల్లోనే ఉంది.